అత్తయ్యకు పడని మాత్ర

ఉగాది ముందు ఇల్లు దులిపేటప్పుడు మందుల డబ్బా కూడా ఖాళీ చేసి తుడవడం నాకు అలవాటు. మా ఇంట్లో మందుల డబ్బా అంటే ఒకప్పటి బిస్కెట్ల డబ్బానే. మీ ఇంట్లోనూ అదే అయి ఉంటుంది. డేటు అయిపోయిన దగ్గు సిరప్పులు, సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు, ఎవరికి ఎందుకు రాశారో ఎవరికీ గుర్తులేని ఆయింట్‌మెంట్లు అన్నీ చెత్తలోకి పోతాయి. ఒక్కటి మాత్రం తీయను. మూత లోపల టేపుతో అంటించిన కాగితం. దాని మీద నా చేతిరాతతో "అత్తయ్యకు పడనివి" అని, కింద ఏడెనిమిది పేర్లు.

మొన్న మా చిన్నది అది చూసి, "ఇదెందుకమ్మా, ఏవి పడవో నానమ్మకే తెలుసుగా?" అంది.

నిజమే. ఆవిడకి ముప్ఫై ఏళ్ల నుంచి తెలుసు. తెలియంది మాకే. ఆ తెలియనితనం వల్ల ఒకరోజు ఏం జరిగిందో, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్న చరిత్రేమిటో ఇవాళ రాస్తాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన తెలుగులో "పడదు" అని ఒక మాటుంది కదా. వంకాయ పడదు, చల్లగాలి పడదు, తోటికోడలికీ ఆవిడకీ పడదు. ఒక్క మాటతో ఎన్ని సర్దేస్తామో! అందుకే కాబోలు, ఎవరైనా "నాకు పడదు" అంటే మనం పెద్దగా పట్టించుకోం. ఇష్టం లేక అంటున్నారనో, చాదస్తమనో అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

నేను పెళ్లయి కృష్ణానగర్ వచ్చింది 2004లో. మా మామయ్యగారు సినిమాలకి కాస్ట్యూమ్స్ కుట్టే టైలరు. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకి తరలినప్పుడు ఆయన కుట్టుమిషనుతో పాటు సంసారాన్నీ ఇక్కడికి తెచ్చుకున్నారు. మా వీధి సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి షూటింగ్ వ్యాన్ల కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, టీ కొట్ల దగ్గర గుంపులు, సందుకి అడ్డంగా జనరేటర్ బండి, ఎప్పుడూ దుమ్ము. అత్తయ్యకి ఆయాసం ఉందని పెళ్లిచూపుల్లోనే చెప్పారు. ఈ దుమ్ములో ఎవరికి రాదులే అనుకున్నాను.

నాకు ఆవిడతో ఇబ్బంది అనిపించింది ఇంకో విషయంలో. పొద్దున్నే పాలగిన్నె నా ముక్కు దగ్గర పెట్టి, "అమ్మాయ్, విరిగేలా ఉన్నాయేమో వాసన చూడు" అనేవారు. నేను పోపు వేస్తుంటే హాల్లోంచే, "మాడిందా?" అని అడిగేవారు. మాడితే వాసన రాదూ? నా వంట మీద నమ్మకం లేక, కొత్త కోడలికి పరీక్ష పెడుతున్నారని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. మా అమ్మకి ఫోన్లో చెప్పుకుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి.

2016 వానాకాలం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు బాగా ఎక్కువయ్యాయి. అంతకు ముందు మావారికి నడుంనొప్పికి రాసిన మాత్రలు నాలుగు మిగిలున్నాయి. ఒకటి తీసిచ్చాను.

"నాకీ నొప్పి బిళ్లలు పడవమ్మాయ్. తలనొప్పి బిళ్ల వేసుకున్నా ఆయాసం వస్తుంది" అన్నారు.

"అవి పాతకాలం ఆస్పిరిన్ మాత్రలత్తయ్యా. ఇది వేరే మందు, దానికీ దీనికీ సంబంధమే లేదు" అన్నాను. డిగ్రీలో బీజెడ్‌సీ చదివానన్న ధీమా. నొప్పికి తట్టుకోలేక ఆవిడ కూడా వేసుకున్నారు.

గంట తిరిగేసరికి ముక్కు కారడం, ముఖం ఎర్రబడటం, కళ్లల్లో నీళ్లు. తర్వాత పిల్లికూతలు. తర్వాత మాట కూడా రాలేదు. ఇన్‌హేలర్ పనిచేయలేదు. ఆటోలో కూర్చోబెడితే సందు చివర జనరేటర్ బండి అడ్డం. దాన్ని వెనక్కి తీయించే ఆ నాలుగు నిమిషాలు ఇప్పటికీ నాకు కలలోకి వస్తాయి.

ఆసుపత్రిలో ఆక్సిజన్, నెబ్యులైజర్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. రెండు రోజులు ఐసీయూలో ఉన్నారు. మూడోరోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి మూడు ప్రశ్నలు అడిగింది. "ఆయాసం వచ్చే ముందు గంటా రెండు గంటల్లో ఏం మాత్ర వేసుకున్నారు? ముక్కులో కండ పెరిగి ఆపరేషన్ అయిందా? వాసన తెలుస్తుందా ఆవిడకి?"

మాత్ర నేనే ఇచ్చానని చెప్పేసరికి నోరెండిపోయింది. ఆపరేషన్ మద్రాసులో రెండుసార్లు అయిందని మావారన్నారు. మూడోదానికి మా ఇద్దరికీ జవాబు తెలియలేదు. వెళ్లి ఆవిడనే అడిగాను.

"వాసనా? మీ ఆయన మూడో క్లాసులో ఉన్నప్పుడే పోయిందమ్మా" అన్నారు చాలా మామూలుగా. "అందుకే కదా పాలు నీకిచ్చి చూడమనేదాన్ని."

పన్నెండేళ్లు ఒకే వంటింట్లో తిరిగాం. నేనెప్పుడూ అడగలేదు, ఆవిడెప్పుడూ చెప్పలేదు. అడగకుండానే నేను ఆవిడ మనసులో ఏముందో నిర్ణయించేసుకున్నాను.

ఆ జబ్బు పేరు ఆస్పిరిన్‌కి పడని ఆస్తమా. ఆస్తమా, ముక్కులో కండలు, ఆస్పిరిన్ జాతి మాత్రలు పడకపోవడం, ఈ మూడూ కలిసి వస్తాయి. ఇంటికొచ్చాక రాత్రుళ్లు నిద్రపట్టక దీని గురించే చదువుతూ కూర్చున్నాను. చదివిన కొద్దీ, మా ఇంట్లో జరిగిందే ప్రపంచంలో కూడా జరిగిందనిపించింది. రోగులు ముందే చెప్పారు. వినడానికి, అర్థం చేసుకోవడానికి డెబ్భై ఏళ్లు పట్టింది.

ఆస్పిరిన్‌ని జర్మనీలో బేయర్ కంపెనీ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897లో శుద్ధంగా తయారుచేశాడు. 1899లో ఆ పేరుతో బజారులోకి వచ్చింది. జ్వరానికీ, తలనొప్పికీ, కీళ్లనొప్పులకీ ప్రపంచమంతా వాడేసింది. మూడేళ్లు తిరక్కుండానే, 1902లో, ఒక జర్మన్ వైద్యుడు అది వేసుకున్న కాసేపటికే ఒళ్లంతా వాపు, దద్దుర్లు వచ్చిన ఒక రోగి గురించి వైద్య పత్రికలో రాశాడు. అంటే మందుతో పాటే "పడకపోవడం" కూడా పుట్టిందన్నమాట.

1922లో పారిస్‌లో ఒక పెద్ద డాక్టరు, తన సహచరులు ఇద్దరితో కలిసి, ఈ మూడు లక్షణాలనీ ఒక్క జబ్బుగా గుర్తించాడు. ఆయన పేరు వింటే ఆశ్చర్యపోతారు: ఫెర్నాండ్ విడాల్. అవును, మన పిల్లలకి జ్వరం తగ్గకపోతే టైఫాయిడ్ ఏమోనని చేయించే విడాల్ టెస్ట్ ఆయన పేరు మీదదే. ఆయన రోగికి కొంచెం కొంచెం ఆస్పిరిన్ ఇచ్చి, ఆయాసం దానివల్లే వస్తోందని రుజువు చేశాడు. అంతేకాదు, మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోతే ఒంటికి అలవాటవుతుందని కూడా చూపించాడు. ఇంత చేసినా ఆ వ్యాసం ఫ్రెంచిలో ఉండిపోయింది. మిగతా ప్రపంచం దాన్ని దాదాపు మర్చిపోయింది. టైఫాయిడ్ టెస్టుకి ఆయన పేరు ప్రతి ఊరి ల్యాబులోకీ వచ్చింది, ఈ మాట మాత్రం రాలేదు.

మరి ఈలోగా మన తెలుగు ఇళ్లల్లో ఏం జరుగుతోంది? మీలో నలభై దాటినవాళ్లకి "ఇస్నోఫీలియా" అన్న మాట గుర్తుండే ఉంటుంది. పిల్లలు దగ్గినా, పెద్దలు ఆయాసపడినా రక్తపరీక్ష చేయించి ఇస్నోఫీలియా అనేవారు. ఆ కథ మొదలైన చోట్లలో ఒకటి మన దగ్గరే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం కట్టిన శానిటోరియం ఉంది. అక్కడ పనిచేసిన డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్‌మోలర్, ఆయన సహచరుడు బార్టన్ 1940లో ఒక వ్యాసం రాశారు. క్షయ అనుకుని వచ్చిన కొందరిలో అసలు క్షయ లేదని, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయని. తర్వాత ఆ జబ్బుకి చాలా వరకు కారణం ఫైలేరియా పురుగులని తేలింది. దానికి మందు కూడా మన తెలుగువాడి చలవే. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే కంపెనీలో పరిశోధన నడిపించారు కదా, అక్కడ ఆయన బృందమే 1947లో హెట్రజాన్‌ని తెచ్చింది. మరుసటి ఏడే, 1948లో, ఆయన పోయారు.

ఇది గొప్ప కథ, గర్వపడాల్సిన కథ. కానీ దీని నీడలో ఇంకోటి దాగిపోయింది. ఆస్పిరిన్ పడని ఆస్తమాలో కూడా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. 1980లలో మద్రాసులో మా అత్తయ్యకి రక్తం చూసి ఇస్నోఫీలియా అన్నారట. హెట్రజాన్ వాడారట. ఒక పేరంటూ దొరికాక ఇక వేరే ప్రశ్న ఎవరడుగుతారు? మృగశిర కార్తెకి మద్రాసు నుంచి రైలెక్కి వచ్చి, దూద్‌బౌలిలో బత్తినివారి దగ్గర బతికున్న కొర్రమీను పిల్లతో చేపమందు కూడా మూడేళ్లు వరసగా మింగారు. శాకాహారి అయ్యుండి కళ్లు మూసుకుని మింగానని ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. మడి, ఆచారం అన్నీ పక్కన పెట్టి ఆ పని చేశారంటే ఊపిరి ఆడక ఎంత విసిగిపోయి ఉంటారో ఆలోచించండి.

అమెరికాలో 1968లో షికాగో డాక్టరు మాక్స్ సామ్టర్, రోలాండ్ బియర్స్ తమ రోగుల వివరాలతో పెద్ద వ్యాసం రాశారు. అప్పటినుంచి ఈ మూడు లక్షణాల జబ్బుని సామ్టర్ పేరుతో పిలుస్తున్నారు. వాళ్లు గమనించింది ఏమిటంటే, ఇది మనం అనుకునే అలర్జీలా లేదు. అలర్జీ అంటే ఒంట్లో రక్షణ వ్యవస్థ ఒక పదార్థాన్ని గుర్తుపట్టి తిరగబడటం. వేరుశెనగ పడనివాళ్లకి వేరుశెనగే పడదు. వీళ్లకి మాత్రం ఆస్పిరిన్ పడదు, దానితో రసాయనికంగా ఏ పోలికా లేని ఇండోమెథాసిన్ కూడా పడదు. చుట్టరికం లేని రెండు మందులు ఒకేలాగా ఎలా దెబ్బ తీస్తాయి?

మూడేళ్లకి తాళంచెవి దొరికింది. 1971లో లండన్‌లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో కనిపెట్టాడు. అదేంటో మన వంటింటి భాషలో చెప్పుకుందాం.

మన ఒంట్లో ప్రతి కణం గోడలోనూ అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ఉంటుంది. దాన్ని రుబ్బి పెట్టుకున్న పిండి అనుకోండి. అదే పిండితో ఇడ్లీ వేసుకోవచ్చు, దోసె వేసుకోవచ్చు. ఇడ్లీపాత్ర పేరు సైక్లోఆక్సిజినేజ్, కాక్స్ అంటారు. అందులో తయారయ్యేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి, వాపు, జ్వరం తెచ్చేవి ఇవే. కానీ అన్నీ చెడ్డవి కాదు, వాటి గురించి ఇంకోమాట తర్వాత చెబుతాను. రెండోది పెనం. దాని పేరు 5-లైపాక్సిజినేజ్. దాని మీద తయారయ్యేవి ల్యూకోట్రయీన్లు.

ఆస్పిరిన్ చేసే పనల్లా ఇడ్లీపాత్రకి సీలు వేయడం. తనలోంచి ఒక చిన్న ముక్కని తీసి ఆ ఎంజైముకి అతికించేస్తుంది. ఇక అది తెరుచుకోదు, కణం కొత్తది చేసుకోవాల్సిందే. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సీలు వేయవు, గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాయి. ఎలాగైనా ఇడ్లీపాత్ర ఆగిపోతుంది, నొప్పి తగ్గుతుంది.

1975లో పోలండ్‌లోని క్రాకోవ్ నగరం నుంచి ఆంజేయ్ ష్చెక్లిక్, ఆయన సహచరులు ఆ చిక్కుముడి విప్పారు. ఏ ఏ మందులు ప్రయోగశాలలో కాక్స్‌ని ఆపుతున్నాయో, ఆ మందులే ఈ రోగులకి ఆయాసం తెస్తున్నాయి. ఆపని మందులు తేవడం లేదు. అంటే చూడాల్సింది మాత్ర రూపం కాదు, పేరు కాదు, కంపెనీ కాదు. అది వెళ్లి ఏ తలుపు మూస్తోందన్నదే.

ఈ వాక్యం చదివిన రాత్రి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. "దానికీ దీనికీ సంబంధమే లేదు అత్తయ్యా" అన్నాను కదా నేను. నా బీజెడ్‌సీ చెప్పింది తప్పు. ఆవిడ అన్న "నొప్పి బిళ్లలు పడవు" అన్న మాటే ఒప్పు. ఆవిడ మాత్రల్ని పేరుతో విడదీయలేదు, అవి చేసే పనితో ఒకచోట చేర్చింది. క్రాకోవ్ డాక్టర్లు చేసిందీ అదే.

సరే, ఇడ్లీపాత్ర మూస్తే ఆయాసం ఎందుకు రావాలి? దీనికి జవాబు ఒక పాము కథలో ఉంది. 1938లో మెల్‌బోర్న్‌లో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పందుల ఊపిరితిత్తుల్లోకి తాచుపాము విషం ఎక్కించి చూశారు. కండరాన్ని మెల్లగా, చాలాసేపు బిగించి పట్టుకునే ఏదో పదార్థం బయటికొచ్చింది. అదేంటో తెలియక "నెమ్మదిగా పనిచేసే పదార్థం" అని పేరు పెట్టి ఊరుకున్నారు. నలభై ఏళ్లు అది ఆ పేరుతోనే ఉండిపోయింది. 1979లో స్వీడన్‌లో బెంగ్ట్ శామ్యూల్సన్ బృందం దాని గుట్టు విప్పింది. అవే ల్యూకోట్రయీన్లు, మన పెనం మీద దోసెలు. ఊపిరి గొట్టాలను బిగించడంలో హిస్టమిన్ కన్నా కొన్ని వందల నుంచి వెయ్యి రెట్ల దాకా బలమైనవి. గొట్టాలు వాచేలా చేస్తాయి, జిగురు ఊరేలా చేస్తాయి, ఇసినోఫిల్స్‌ని పిలుచుకొస్తాయి. వేన్, శామ్యూల్సన్, వీళ్లకి ముందు దారి వేసిన బెర్గ్‌స్ట్రోమ్, ముగ్గురికీ 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొదట్లో అందరూ సులువుగా ఇలా అనుకున్నారు: ఇడ్లీపాత్ర మూసేస్తే పిండంతా పెనం మీదకి పోతుంది, దోసెలు ఎక్కువవుతాయి, ఆయాసం వస్తుంది. వినడానికి బాగుంది. కానీ ఆస్పిరిన్ నేను వేసుకున్నా ఇడ్లీపాత్ర మూసుకుంటుంది కదా, మరి నాకెందుకు ఆయాసం రాదు?

ఇక్కడే, తర్వాత చెబుతానన్న ఆ మంచి ప్రోస్టాగ్లాండిన్ వస్తుంది. దాని పేరు ప్రోస్టాగ్లాండిన్ ఇ2. అది ఇంటి పెద్దలాంటిది. పొయ్యి దగ్గరికొచ్చి "చాల్లే, ఇక దించు" అంటుంది. పెనం మరీ చెలరేగకుండా అదుపులో పెడుతుంది. నాలాంటివాళ్లకి పెనం మామూలు సెగలోనే ఉంటుంది కాబట్టి ఆ పెద్ద కాసేపు లేకపోయినా కొంప మునగదు. మా అత్తయ్యలాంటి వాళ్లకి పెనం ఎప్పుడూ పెద్దమంట మీదే ఉంటుంది. 1990లలో రెండు విషయాలు తేలాయి. ఈ రోగుల మూత్రంలో ల్యూకోట్రయీన్ ఆనవాళ్లు మాత్ర వేసుకోనప్పుడు కూడా ఎక్కువే. వాళ్ల ఊపిరి గొట్టాల్లో ల్యూకోట్రయీన్ తయారుచేసే ఒక ఎంజైము మామూలు కన్నా చాలా ఎక్కువ కణాల్లో ఉంది. పైగా వాళ్లలో ఆ పెద్ద గొంతు ముందే బలహీనం. ఇలాంటిచోట ఆస్పిరిన్ వచ్చి ఆ ఉన్న కాస్త గొంతూ నొక్కేస్తే, ఇసినోఫిల్సూ మాస్ట్ కణాలూ ఒక్కసారిగా ల్యూకోట్రయీన్లు గుమ్మరిస్తాయి. అరగంట నుంచి మూడు గంటల్లోపు ముక్కు, కళ్లు, ఊపిరితిత్తులు అన్నీ తిరగబడతాయి.

కాబట్టి మాత్ర జబ్బుని తేలేదు. ఉన్న మంట మీద మూత తీసింది, అంతే. మాత్రలు మానేసినంత మాత్రాన ఆస్తమా పోదు, దాని మందులు దానికి వాడుకోవాల్సిందే.

ఇంకో రెండు సంగతులు, మనవి. 1982లో తెలిసిందేమిటంటే, సుబ్బారావుగారి బృందం తెచ్చిన హెట్రజాన్‌కి ప్రయోగశాలలో ల్యూకోట్రయీన్ల తయారీని అడ్డుకునే గుణం కూడా ఉంది. దీనికి అది మందని కాదు. కానీ పురుగుల కోసం తెచ్చిన మాత్ర ఇలా వచ్చి ఈ పెనం అంచుని కూడా తాకిందని చదివితే, దూరపు బంధువెవరో పెళ్లిలో కనబడినట్టు అనిపించింది. ఇక మన గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పల్లు రెడ్డన్నగారు ఈ లైపాక్సిజినేజ్ ఎంజైముల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఈ జాతి ఎంజైము బంగాళాదుంపలో కూడా ఉంటుందట, శాస్త్రవేత్తలు దాన్ని అందులోంచి తీసి పరీక్షలకి వాడతారట. రోజూ కూరకి తరిగే దుంపే!

ల్యూకోట్రయీన్ల గుట్టు తెలిశాక వాటిని అడ్డుకునే మందులు వచ్చాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మాంటెలుకాస్ట్ వాటిలో ఒకటి. జలుబుకీ తుమ్ములకీ డాక్టర్లు రాసే మాత్రల్లో ఈ పేరు మీరు చూసే ఉంటారు. కొందరిలో నిద్ర, మనసు మీద ప్రభావం చూపుతుంది కాబట్టి అది కూడా డాక్టరు చెబితేనే. విడాల్ చూపించిన ఆ మెల్లగా అలవాటు చేసే పద్ధతి కూడా 1970ల చివర్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. గుండెజబ్బు ఉండి ఆస్పిరిన్ తప్పనిసరైన వాళ్లకి ఇప్పుడు ఆసుపత్రిలో ఉంచి అలా చేస్తున్నారు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి, ప్రాణం మీదకి వస్తుంది.

నేను డాక్టర్ని కాను. కానీ మీరు ఇంటికి మందుల డబ్బా చూసే మనిషి కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. పెద్దవాళ్లైన ఆస్తమా రోగుల్లో నూటికి ఏడుగురికి ఈ సమస్య ఉంటుందని అంచనా. ఆస్తమా తీవ్రంగా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ, నూటికి పదిహేను వరకు. పుట్టుకతో రాదు, ఎక్కువగా ముప్ఫైలలో మొదలవుతుంది, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో కొంచెం ఎక్కువ. తగ్గని జలుబుతో మొదలై, వాసన పోయి, ముక్కులో కండలు పెరిగి, ఆయాసం వచ్చి, ఆ తర్వాత ఒకరోజు మాత్ర పడదు. నిన్నటిదాకా పడిన మాత్రే. ఆ మాత్ర తలనొప్పిదే కానక్కర్లేదు. నెలసరి నొప్పికి మనం వేసుకునే మెఫినమిక్ ఆసిడ్ కూడా ఆ తలుపు మూసేదే. నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్, కీటోరోలాక్ కూడా అంతే. మామూలు మోతాదులో పారాసెటమాల్ చాలామందికి ఇబ్బంది పెట్టదు, అయినా మొదటిసారి డాక్టర్ని అడిగే వాడాలి. కొన్ని మాత్రల్లో పారాసెటమాల్‌తో పాటు ఇబుప్రొఫెనో డైక్లోఫెనాకో కలిపి ఉంటుంది, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. ఆస్తమా ఉన్నవాళ్లందరూ భయపడి మానేయక్కర్లేదు. గుండెకోసం ఆస్పిరిన్ రాసినవాళ్లు ఇది చదివి సొంతంగా ఆపేయకండి, డాక్టర్ని అడగండి.

అన్నిటికన్నా ముందు ఎవరైనా "నాకు పడదు" అంటే "ఎందుకు, ఏమైంది, ఎంతసేపటికి?" అని అడగండి. అడిగి రాసి పెట్టండి. విడాల్ రాసింది చదవడానికి లోకానికి నలభై ఆరేళ్లు పట్టింది. మా ఇంట్లో ఒక్క ప్రశ్న అడగడానికి పన్నెండేళ్లు పట్టింది.

మూత లోపల కాగితం ఆ ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రే రాశాను. అలాంటిదే ఇంకొకటి అత్తయ్య పర్సులో ఉంటుంది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే తీసి చూపిస్తారు. ముక్కుకి స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్లతో కడుక్కోవడం డాక్టరమ్మ మొదలుపెట్టించింది. ఏడాదిన్నర పట్టింది. ఒక ఆదివారం చారుకి పోపు వేస్తుంటే హాల్లోంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇంగువ ఎక్కువేశావు."

చేతిలో గరిటె అలాగే పట్టుకుని హాల్లోకి పరిగెత్తాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఈలోగా పోపు మాడింది. ఆ సంగతి కూడా ఆవిడే ముందు చెప్పారు.